గాజుపెట్టె సముద్రానికి పాచి పడితే...

హాల్లో ఓ మూల బుల్లి సముద్రం. అందులో పగడాలు, వాటి మధ్య దోబూచులాడే చేపలు. ఇంటికొచ్చినవాళ్లు 'అబ్బ, ఎంత బావుందో' అనేలోపే గోధుమరంగు ధూళి, ఆకుపచ్చ జుట్టు, ఎర్రటి జిగురు... ఒకదాని వెనక ఒకటి దండెత్తుతాయి. వాటిని తరిమేయాలన్న తొందరలోనే చాలామంది పగడాలనూ చేపలనూ పోగొట్టుకుంటారు.

మంచినీళ్ల అక్వేరియం సంగతి వేరు. గోల్డ్‌ఫిష్ తొట్టెకు పాచి పట్టిందనుకోండి... నీళ్లు తోడేసి, అద్దాన్ని పీచుతో రుద్ది, మళ్లీ నింపేస్తారు. ఉప్పునీళ్ల 'రీఫ్' అక్వేరియంలో ఆ పప్పులు ఉడకవు. అందుకోసమే తయారుచేసిన ఉప్పును లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. నీటి ఉష్ణోగ్రతను 25-26 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. సూర్యుడి బదులు దీపాలు, అలల బదులు పంపులు. 2003లో 'ఫైండింగ్ నెమో' సినిమా వచ్చాక పిల్లలందరికీ చుట్టమైపోయిన నారింజరంగు క్లౌన్ చేప అందులో తిరుగుతుంటే ఆ ముచ్చటే వేరు. కానీ ఆ పెట్టెలో ఉండేది చేపలూ నీళ్లూ మాత్రమే కాదు. రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద కోట్లాది సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఆ కాపురం కుదుటపడటానికే నెలా నెలన్నర పడుతుంది. ఈలోగా తగవులు తప్పవు.

ఒకటి పోతే ఇంకొకటి

మొదట వచ్చేది గోధుమరంగు ధూళి. ఇసుక మీద ఎవరో కాఫీపొడి చల్లినట్టు ఉంటుంది. తుడిస్తే పోతుంది, మర్నాటికి మళ్లీ ప్రత్యక్షం! ఇవి డయాటమ్‌లు. నీళ్లలో కరిగి ఉన్న సిలికాతో ఒంటికి గాజు తొడుగు చేసుకునే ఏకకణ జీవులు. కుళాయి నీళ్లతోనో, కొత్త ఇసుకతోనో తొట్టెలోకి వచ్చిన సిలికా కాస్తా అయిపోతే వీటికి చొక్కా కుట్టుకోవడానికి గుడ్డ దొరకనట్టే. కొన్ని వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. అప్పటిదాకా చేయాల్సిన వైద్యం ఏమిటంటే... ఏమీ చేయకపోవడమే. కొత్తగా తొట్టె పెట్టినవాళ్లకు అదే కష్టం మరి!

తర్వాత ఆకుపచ్చ వంతు. రాళ్లకు జుట్టు మొలిచినట్టు పొడుగ్గా పెరుగుతుంది. పీకుతుంటే తెగుతుంది తప్ప మొదలంటూ ఊడదు. దాని పక్కనే ఒక్కోసారి ద్రాక్షపండంత ఆకుపచ్చ గోళీలు కనిపిస్తాయి. వలోనియా అనే ఈ నాచులో వింతేమిటంటే, గోళీ మొత్తం కలిపి ఒకే ఒక్క కణం! సూక్ష్మదర్శినిలో తప్ప కణం కనపడదని బడిలో చదువుకున్న పిల్లలకు దాన్ని చూపిస్తే నమ్మరు.

అందరినీ ఎక్కువగా భయపెట్టేది మాత్రం మూడోది. ముదురు ఎరుపు రంగు దుప్పటి. పొద్దున దీపాలు వేసినప్పుడు పలచగా ఉంటుంది, సాయంత్రానికి ఇసుకంతా పరుచుకుంటుంది. దాని కింద బుడగలు కూడా చేరతాయి. పట్టుకు లాగితే పాల మీద మీగడలా పొర పొరగా వచ్చేస్తుంది. అందరూ ఎర్రనాచు అంటారుగానీ ఇది నాచే కాదు, సయనోబ్యాక్టీరియా. ఎండను తిని ఆక్సిజన్ విడిచే బ్యాక్టీరియా అన్నమాట. ఆ బుడగలు అవే. దాదాపు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమ్మీద గాల్లోకి ఆక్సిజన్ చేరడం మొదలైందంటే ఆ పుణ్యం వీటి ముత్తాతలదే. అన్ని యుగాలు చూసిన జాతి, రెండు చుక్కల మందుకు జడిసి పారిపోతుందా!

తిండి పెడుతున్నదెవరు?

పాచి పట్టగానే అది ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెతుకుతారు. రాయితో వచ్చిందో, నత్త గుల్లతో వచ్చిందో... ఎలాగోలా వస్తుంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వచ్చిన చుట్టానికి ఇన్నాళ్లుగా భోజనం ఎక్కడ దొరుకుతోంది?

మన చేతుల్లోంచే. బడి నుంచి రాగానే పిల్లలు ఓ చిటికెడు, సాయంత్రం తాతయ్య ఓ చిటికెడు, రాత్రి 'పాపం ఆకలేస్తుందేమో' అని అమ్మ ఇంకో చిటికెడు. చేప తిన్నది తినగా మిగిలింది కుళ్లుతుంది. తిన్నదీ కొంత వ్యర్థంగా బయటికొస్తుంది. దాంట్లోంచి అమోనియా పుడుతుంది. ఇది చేపలకు విషం. రాళ్లలో కాపురమున్న మంచి బ్యాక్టీరియా ఈ అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత విషం కాదు. కానీ పొలానికి యూరియా ఎలాగో నాచుకు అది అలాగ. మేతలో ఉండే ఫాస్ఫరస్ కూడా ఫాస్ఫేట్‌గా మారి నీళ్లలోనే ఉండిపోతుంది. యూరియా, డీఏపీ రెండూ వేసి, పైన పది గంటలు దీపం పెట్టి, నాచు ఎందుకు పెరుగుతోందని ఆశ్చర్యపోతే ఎలా?

నిజమైన పగడపు దిబ్బల దగ్గర సముద్రం ఈ విషయంలో కటిక పేద. అక్కడ లీటరు నీటిలో ఫాస్ఫేట్ మిల్లీగ్రాములో నూరో వంతు దగ్గర తచ్చాడుతుంది. ఇళ్లలోని తొట్టెల్లో దానికి పదింతలు, ఇరవయ్యింతలు కావడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. తొట్టెనిండా పచ్చటి జుట్టు ఊగుతుంటుంది. పరీక్ష చేస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా! కిట్ పాడైందనుకుని కొత్తది కొంటారు. దాంట్లోనూ సున్నాయే. కిట్ తప్పేమీ లేదు. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టు నాచు మింగేస్తుంటే పరీక్షకు ఏం మిగులుతుంది? పైగా తొట్టెలో వాడే సున్నపురాయి లాంటి రాళ్లు ఫాస్ఫేట్‌ను పీల్చి దాచుకుంటాయి. నీళ్లలో తగ్గేకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంటాయి. అందుకే మేత తగ్గించిన నెలకో రెణ్నెల్లకో కూడా ఫలితం కనపడక చాలామంది విసిగిపోతారు. రాయి తన బాకీ తీర్చేదాకా ఆగాల్సిందే.

నీళ్లు మార్చడం మంచిదే. కానీ లెక్క తెలిసి చేయాలి. పదో వంతు నీళ్లు మారిస్తే నైట్రేట్ తగ్గేదీ పదో వంతే. 50 ఉన్నది 45 అవుతుంది. ఈలోగా వారం రోజుల మేత దాన్ని మళ్లీ 50కి చేర్చిందంటే చాకిరీ తప్ప మిగిలేది లేదు. మేత తగ్గించి, వారం వారం మారిస్తేనే లెక్క కుదురుతుంది. మారుస్తున్న నీళ్లేమిటన్నదీ ముఖ్యమే. తొట్టెలో నీళ్లు ఆవిరవుతుంటాయిగానీ వాటిలోని లవణాలు ఎక్కడికీ పోవు. తగ్గినప్పుడల్లా బోరునీళ్లు పోస్తుంటే రోజుకింత నైట్రేట్, ఇంత సిలికా కలిపినట్టే. అందుకే ఆర్వోతో వడకట్టి, ఆపైన డీఐ రెజిన్‌లోంచి కూడా పంపిన నీళ్లే వాడతారు.

ఇక చెత్తను కుళ్లకముందే తీసేసే పరికరం 'ప్రొటీన్ స్కిమ్మర్'. పప్పు ఉడికేటప్పుడు పైకొచ్చే తెట్టును గరిటెతో తీసేస్తాం కదా... అదే పని. సన్నటి బుడగలకు వ్యర్థాలు అంటుకుని నురగగా పైకొస్తాయి. ఆ నురగ ఓ కప్పులో పడుతుంది. కప్పు మూత తీసినవాళ్లు ఆ వాసనను జన్మలో మర్చిపోరు!

మందు పోస్తే మాయం... ఆ తర్వాత?

ఇంత ఓపిక ఎవరికుంది? సీసా మూత తిప్పితే పాచి పోతుందంటే ఎవరికైనా ఆశే. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే పగడం కూడా ఒకరకంగా నాచు తోటే!

పగడం మొక్క కాదు, రాయి కాదు, జంతువు. దాని ఒంట్లో జూజాంథెల్లే అనే ఏకకణ నాచులు కాపురముంటాయి. ఎండలో అవి వండిన భోజనంలో అధిక భాగం పగడానికే ఇస్తాయి. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ అద్దెకున్నవాళ్ల చలవే. నీళ్లు బాగా వేడెక్కినప్పుడు పగడాలు తెల్లబోతాయని వార్తల్లో చదువుతుంటాం. ఈ నాచు వెళ్లిపోయిన పగడమే ఆ తెల్ల పగడం. కాబట్టి 'నాచు' అన్నదాన్నల్లా చంపే మందంటూ ఉంటే అది పగడం వంటింటికే నిప్పు పెడుతుంది.

చెరువుల్లో నాచుకు మైలుతుత్తం వాడటం కోస్తా రైతులకు తెలిసిన విద్యే. మంచినీళ్ల తొట్టెల కోసం అమ్మే కొన్ని మందుల్లోనూ ఉండేది అదే రాగి. రీఫ్ తొట్టెలో అది పడిందా... నత్తలు, రొయ్యలు, పగడాలు బతకవు. పైగా రాళ్లు ఆ రాగిని పీల్చుకుని నెలల తరబడి వదులుతుంటాయి.

ఎర్రదుప్పటికి ఇంకో చిట్కా ప్రచారంలో ఉంది. మనుషులకు వాడే ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌ను నీళ్లలో కలపడం. సయనో బ్యాక్టీరియానే కాబట్టి చస్తుంది. నిజమే, రెండ్రోజుల్లో తొట్టె తళతళలాడుతుంది. కానీ చచ్చిన దుప్పటంతా ఒక్కసారిగా కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అమోనియాను మార్చే మంచి బ్యాక్టీరియాకూ దెబ్బ తగలొచ్చు. ఇంతా చేస్తే దుప్పటి తిన్న తిండి మళ్లీ నీళ్లలోనే కలిసింది కాబట్టి అది తిరిగొస్తుంది. ఈసారి మందుకు లొంగని రకం కూడా కావచ్చు. యాంటీబయాటిక్ కలిసిన ఆ నీళ్లను డ్రైనేజీలో పారబోయడం ఇంకో తప్పు. అంతకంటే పైపు పెట్టి దుప్పటిని పీల్చేయడం, మూడ్రోజులు దీపాలు ఆర్పేయడం, నీళ్లు కదలని మూలలకు పంపు తిప్పడం... వీటితో పని నెమ్మదిగానైనా అవుతుంది.

బ్యాక్టీరియా అంతా శత్రువే అనుకుంటే పొరపాటు. దాన్నే కూలికి పెట్టుకునే పద్ధతి ఒకటుంది. నీళ్లలో వెనిగరో, వోడ్కానో చుక్కల లెక్కన రోజూ కలుపుతారు. వోడ్కా చేపలక్కాదు లెండి, బ్యాక్టీరియాకు! ఆ కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. పెరిగేటప్పుడు నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ ఒంట్లో కలుపుకొంటుంది. స్కిమ్మర్ ఆ బ్యాక్టీరియాను నురగతోపాటు బయటికి లాగేస్తుంది. వినడానికి విదేశీ విద్యలా ఉందిగానీ, భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల రైతులు చెరువుల్లో బెల్లం కలిపేదీ ఈ సూత్రంతోనే. అక్కడ బెల్లం తిన్న బ్యాక్టీరియా అమోనియాను లాగేసుకుంటుంది. అయితే మోతాదు కాస్త మించితే తొట్టె నీళ్లు పాలలా తెల్లబడతాయి. అంత బ్యాక్టీరియా ఊపిరి తీస్తుంటే రాత్రికి రాత్రే చేపలకు ఆక్సిజన్ కరవవుతుంది. చుక్కలతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచమనేది అందుకే.

ముళ్ల కాపలాదారు పోతే...

నాచును మేసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో సముద్రమే ఓసారి చూపించింది. కరేబియన్ సముద్రంలో డయడెమా అనే సీ అర్చిన్ ఉంటుంది. ఒళ్లంతా పొడవాటి నల్లటి ముళ్లు. రాత్రుళ్లు బయటికొచ్చి పగడాల మీది నాచును గీకి తింటుంది. 1983 జనవరిలో పనామా దగ్గర ఇవి చచ్చిపోవడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆ జబ్బు సముద్రమంతా పాకింది, నూటికి 90కి పైగా చచ్చిపోయాయి. జమైకాలో అప్పటికే చేపలను అతిగా పట్టేశారు, 1980 నాటి తుపాను పగడాలను విరగ్గొట్టింది. మిగిలిన ఒక్క కాపలాదారూ పోయాడు. 1970ల చివర్లో అక్కడి దిబ్బల మీద సగానికి పైగా పగడాలే ఉండేవి. 1990ల మొదటికి అవి 5 శాతం లోపుకు పడిపోయాయి, 90 శాతానికి పైగా నాచు పరుచుకుంది. 2022లో అదే డయడెమాలకు మళ్లీ ముసలం పుట్టింది. ఈసారి కారణం ఓ ఏకకణ పరాన్నజీవి అని 2023లో శాస్త్రవేత్తలు తేల్చారు.

అందుకే ఇళ్లలోని తొట్టెల్లోనూ నత్తలు, చిన్నరకం సీ అర్చిన్లు, నాచు మేసే చేపలను పెంచుతారు. అయితే సర్జన్ జాతి చేపలకు ఈదడానికి చాలా చోటు కావాలి. నాచు తింటుందని రెండడుగుల పెట్టెలో దాన్ని పడేయడం అన్యాయం. నత్తలకు పచ్చజుట్టు ఇష్టమేగానీ ఎర్రదుప్పటిని అవి ముట్టవు.

నాచుతోనే నాచును కట్టడి చేయొచ్చని చూపించినవాడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఆడీ. తొట్టె నీళ్లను పక్కనే ఉన్న ఓ వల మీద పారించి, దానికి గట్టి వెలుతురు పెడితే నాచంతా అక్కడే పెరుగుతుంది. వారానికోసారి గీకి పారేస్తే దాంతోపాటే నైట్రేట్, ఫాస్ఫేట్ బయటికి పోతాయి. పెరట్లో ఓ మూల ఆవుకు గడ్డి పెంచితే పూలమొక్కల జోలికి రానట్టు! 1980లో వాషింగ్టన్‌లోని సహజ చరిత్ర మ్యూజియంలో ఆయన ఈ పద్ధతితో పగడపు దిబ్బను నడిపి చూపించారు. ఇళ్లలో ఇప్పుడు అదే పనిని కీటోమార్ఫా అనే నాచు ఉండతో, కింది తొట్టెలో విడిగా దీపం పెట్టి చేయిస్తున్నారు.

పెద్ద తొట్టె అయితే ఈ గొడవ ఉండదనుకుంటే అదీ భ్రమే. అరిజోనాలో 'బయోస్ఫియర్ 2' పేరుతో గాజు మేడ కట్టి 1991 సెప్టెంబరులో ఎనిమిదిమంది రెండేళ్లపాటు లోపలుండిపోయారు. అందులో 26 లక్షల లీటర్ల సముద్రం, పగడాలు కూడా ఉన్నాయి. కోట్ల డాలర్ల ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు చివరికి నీళ్లలోకి దిగి చేత్తో నాచు పీకారు! అలా పీకేవాళ్లు కరవయ్యాక, తర్వాతి ఏళ్లలో ఆ సముద్రాన్ని నాచే ఏలింది.

మరీ కడిగేసినా తంటాయే

ఇదంతా విని కొందరు ఫాస్ఫేట్ పీల్చే మందులు, వోడ్కా, స్కిమ్మర్ అన్నీ కలిపి నీళ్లను కడిగిన ముత్యంలా చేసేస్తారు. నైట్రేట్ నిజంగానే సున్నా, ఫాస్ఫేట్ నిజంగానే సున్నా. పగడాలు పాలిపోతాయి. రాళ్ల మీద చీమిడిలా గోధుమరంగు జిగురు, దాని కొసన బుడగలు వేలాడతాయి. ఇవి డైనోఫ్లాజెల్లేట్లు. మిగతా నాచులు, బ్యాక్టీరియా ఆకలికి చచ్చిన చోట వీటికి పోటీ ఉండదు. కొన్ని రకాలు విషం చిమ్ముతాయి, మేసిన నత్తలు చచ్చిపోతాయి. అప్పుడు చేయాల్సిన పని వింటే నవ్వొస్తుంది. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ కొని పోయాలి! చాలామంది అనుభవజ్ఞులు నైట్రేట్‌ను లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.1 మధ్య ఉంచుతూ, ఆ అంకెలు అటూ ఇటూ ఊగకుండా చూసుకుంటారు. సున్నా కోసం ఆరాటపడరు.

రాయిని ఉడకబెట్టొద్దు

పాచి వదలడం లేదని రాయిని బయటికి తీసి, వేణ్నీళ్లలో ఉడకబెట్టి, బ్రష్షుతో తోమేసేవాళ్లున్నారు. ఇంటిల్లిపాదికీ ముప్పు ఇందులో ఉంది. గుండీల్లా గుంపుగా పెరిగే జోయాంథిడ్ జాతి పగడాలు కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలోని అతి ఘాటైన విషాల్లో ఒకటది. ఆవిరితోనో తుంపరలతోనో ఊపిరిలోకి వెళితే జ్వరం, దగ్గు, ఆయాసం. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టె శుభ్రం చేసిన ఓ కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. అలాస్కాలోనూ 2012-14 మధ్య ఇలాంటి కేసులు నమోదయ్యాయి. ఇలాంటి రాళ్లను ముట్టుకునేటప్పుడు చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. రాయిని పొయ్యి మీదికి అసలు ఎక్కించకూడదు.

పీకిన నాచును ఎక్కడ పారేస్తున్నారన్నదీ చిన్న విషయం కాదు. కాలెర్పా టాక్సిఫోలియా అనే అందమైన ఈకలాంటి నాచును యూరప్ అక్వేరియాల్లో ముచ్చటగా పెంచేవారు. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కింద, మధ్యధరా సముద్రంలో అది చదరపు మీటరంత కనిపించింది. 1989కి హెక్టారు అయింది. తర్వాత తీరం వెంబడి వేల హెక్టార్లకు పాకింది. 2000లో అది కాలిఫోర్నియాలోని ఓ ఉప్పునీటి కయ్యలో తేలింది. అక్కడివాళ్లు ఆలస్యం చేయకుండా పైన టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ ఎక్కించి, ఆరేళ్లు కాపలా కాసి, 2006లో పూర్తిగా పోయిందని ప్రకటించారు. ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది. విశాఖలోనో కాకినాడలోనో తొట్టె పెట్టుకున్నవాళ్లు తీసేసిన నాచును సముద్రంలోకి గానీ కాలువలోకి గానీ వదలకూడదు. ఎండలో బాగా ఎండబెట్టి చెత్తబుట్టలో వేయాలి.

సముద్రం నుంచి తెచ్చుకోవడానికీ హద్దుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతి పగడాలను 2001లో చేర్చారు. పులి పేరున్న షెడ్యూలే అది! మన్నార్ సింధుశాఖలోనో, అండమాన్‌లోనో తీరాన దొరికిందని పగడం ముక్కను సంచిలో వేసుకొస్తే నేరం. చేపలూ, చేత్తో చేసిన రాళ్లూ మాత్రమే ఉన్న ఉప్పునీళ్ల తొట్టెతో సరిపెట్టుకున్నా పాచి గొడవ మాత్రం ఇదే, మందూ ఇదే.

మేత తగ్గించి, నీళ్లు మార్చుకుంటూ ఏడాదో ఏడాదిన్నరో నెట్టుకొస్తే రాళ్ల మీద గులాబీ, వంగపండు రంగుల్లో గట్టి పెచ్చు కట్టడం మొదలవుతుంది. దాన్ని చూసి తొట్టె యజమానులు పండగ చేసుకుంటారు. ముందు అద్దం మీద మాత్రం బ్లేడుతో గీకేసి, మిగతా అంతా అలాగే వదిలేస్తారు. కోరలైన్ అంటారు దాన్ని. అదీ నాచే!